కాలినప్పుడు గడియారం చూడండి



2025 జూన్ 30న మా సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలి నలభైమందికి పైగా చనిపోయారు. నిప్పు అక్కడే ఉందా? మన వంటింట్లోనూ ఉంది. చీర చెంగుకు స్టవ్వు మంట అంటుకోవడానికి ఎంతసేపు?

ఒళ్ళు కాలినవాళ్ళను తీసుకెళితే డాక్టరుగారు "మూత్రం ఎంత వస్తోంది?" అని అడుగుతారు. కాలింది చర్మమైతే మూత్రం సంగతెందుకు అంటారా? చెబుతాను. ఒళ్ళు బాగా కాలితే రక్తంలోని నీరు నాళాలలోంచి బయటికి ఊరిపోతుంది. ఒళ్ళు ఉబ్బుతుంది గాని, మూత్రపిండాలకు చాలినంత రక్తం అందదు. అవి దెబ్బతింటే ప్రాణాపాయం బాగా పెరుగుతుంది.

ఆ అపాయాన్ని అంచనా వేయడానికి 1961లో ఫ్రాన్సు డాక్టరు బో ఒక లెక్క చెప్పారు. వయసుకు కాలిన శాతం కలపడమే! వేళ్ళతో సహా మన అరచేయి ఒంట్లో నూటికి ఒక వంతు. 35 ఏళ్ళ ఆవిడకు 30 శాతం కాలితే 65 అన్నమాట. పొగ పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతింటే మరో 17 కలపాలని తరవాత చేర్చారు. అంకె పెరిగేకొద్దీ ముప్పు ఎక్కువ. అయితే ఇందులో మూత్రపిండాల ఊసు లేదు. అందుకే డాక్టర్లు రక్తంలో క్రియాటినిన్ చూస్తారు, గంటగంటకూ మూత్రం కొలుస్తారు. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లయినా రావాలి. కరెంటుతో కాలినప్పుడు పైగాయం చిన్నదైనా మూత్రం నల్లటీ రంగులో వస్తే అది ప్రమాద సూచన.

వయసు, కాలిన మేర మన చేతిలో లేవు. కాలం మాత్రం కొంత ఉంది. పార్క్‌లాండ్ లెక్క అని ఒకటుంది. దాని ప్రకారం 60 కిలోల మనిషికి 30 శాతం కాలితే మొదటిరోజు సుమారు 7 లీటర్ల సెలైన్ వంటి ద్రవం ఎక్కించాలి. అందులో సగం మొదటి 8 గంటల్లోనే. ఆ 8 గంటలు ఆసుపత్రికి చేరినప్పటినుంచి కాదమ్మా, కాలిన క్షణంనుంచి! మా జహీరాబాదునుంచి హైదరాబాదు దాదాపు నూరు కిలోమీటర్లు. దారిలో పోయిన రెండు గంటలూ అందులోవే. అందుకని ముందు దగ్గరి ఆసుపత్రిలో సెలైన్ పెట్టించి, ఆ తరవాతే పెద్దాసుపత్రికి బయలుదేరండి.

మంట ఆర్పగానే గడియారం చూసి టైము రాసుకోండి. 108కి ఫోను చేయించండి. గాజులు, ఉంగరాలు తీసేయండి. 20 నిమిషాలు కుళాయి నీళ్ళు పోసి, శుభ్రమైన దుప్పటి కప్పండి. ఐసు, సిరా, టూత్‌పేస్టు వద్దేవద్దు. "ఎన్నింటికి కాలింది?" అని డాక్టరుగారు అడిగితే జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి.