హెలికాప్టర్ రెక్క నుంచి నాపరాయి దాకా

1940ల చివర అమెరికాలోని ట్రావర్స్ సిటీలో జాన్ పార్సన్స్ హెలికాప్టర్ రెక్కలు తయారుచేసేవాడు. రెక్క వంపు సరిచూడ్డానికి లోహపు టెంప్లేట్లు కావాలి. డ్రాయింగులో కొన్ని చుక్కలే ఉండేవి, మధ్యదంతా పనివాడి కంటి అంచనా. ఆయన దగ్గరి ఇంజనీరు ఫ్రాంక్ స్టూలెన్ ఐబీఎం పంచ్‌కార్డు యంత్రంతో మరెన్నో చుక్కలు లెక్కగట్టించాడు. ఒకరు అంకెలు చదువుతుంటే ఇద్దరు మిల్లింగ్ మెషీన్ దగ్గర చెరో చక్రం తిప్పేవారు. ఆ ఇద్దరి చోట మోటార్లు పెడితే? కంప్యూటరు అంకెలతో యంత్రాన్ని నడిపే సీఎన్‌సీ అసలు కథ అక్కడే ఉంది. మిగతావన్నీ హంగులు.

1949లో అమెరికా వైమానిక దళం డబ్బు పెట్టింది. పని ఎంఐటీకి చేరింది. 1952లో వాళ్లు చూపించిన యంత్రం చిల్లుల టేపు చదువుకుంటూ మూడు దిక్కులా కదిలింది. దాని కంట్రోలు పెట్టెల్లో వందల వాక్యూమ్ ట్యూబులు. 2009లో నార్వేకు చెందిన సిమెన్ స్కోగ్‌స్రూడ్ ఆ పెట్టెల పనిని అరచేతిలో ఇమిడే ఆర్డుయినో బోర్డు మీదికి దించి, జీఆర్‌బీఎల్ అనే ఆ ప్రోగ్రాంను అందరికీ ఉచితంగా వదిలేశాడు. బల్లమీద పట్టే చవక చెక్కుడు యంత్రాల్లో, అంటే రౌటర్లలో, చాలావాటిని నడిపేది అదే.

ఈ చిన్న రౌటర్లు పుట్టింది చెక్క కోసం. రాతి మీద అక్షరాలు చెక్కాలంటే లెక్క మారుతుంది. చెక్కను గిరగిరా తిరిగే బిట్ అంచు పెచ్చులుగా లేపుతుంది. రాయి పెచ్చు లేవదు, పొడి అవుతుంది. నాపరాయిలోనూ పాలరాయిలోనూ ఉండేది ప్రధానంగా కాల్సైట్, మోస్ కొలతలో దాని గట్టిదనం 3. గ్రానైట్‌లోని క్వార్ట్‌జ్‌కు 7. కార్బైడ్ బిట్ అంతకన్నా గట్టిదే, కానీ ఆ పలచని అంచు గ్రానైట్ మీద చూస్తుండగానే మొద్దుబారుతుంది. అందుకే వజ్రపు పొడి అంటించిన బిట్ వాడాలి. దానికి పళ్లుండవు. సానమీద గంధం తీసినట్టు, నీళ్లు పోస్తూ అరగదీయడమే దాని పని.

అందుకని రాయిని ఒక ట్రేలో బిగించి, పైన వేలెడు నీళ్లు నింపుతారు. బిట్ ఒక్కో వరసకు మిల్లీమీటరులో పదోవంతు దిగుతుంది. నీళ్లు తెల్లగా చిక్కబడతాయి. తొందరపడి లోతు పెంచితే వచ్చే చిక్కు వేరు. చవక యంత్రాల్లో అడుగడుగుగా తిరిగే స్టెప్పర్ మోటారు తానెక్కడుందో తిరిగి చూసుకోదు. ఎక్కడైనా ఇరుక్కుని కొన్ని అడుగులు తప్పినా దానికి తెలియదు. అక్షరం సగం నుంచి పక్కకు జరిగి, అదే ధీమాతో చివరిదాకా చెక్కేస్తుంది.

ఇంట్లో మొదలుపెట్టేవాళ్లు చీమకుర్తి గ్యాలక్సీ గ్రానైట్ జోలికి పోకుండా నాపరాయి ముక్కతో మొదలుపెట్టడం మేలు. ఇంకా తేలిక కావాలంటే 1960ల్లో డ్యూపాంట్ రూపొందించిన కోరియన్ ఉంది. అందులో మూడింట రెండొంతులు అల్యూమినియం హైడ్రాక్సైడ్, మిగతాది అక్రిలిక్. చూడ్డానికి రాయి, కోతకు చెక్క. చెక్కకు వాడే కార్బైడ్ బిట్లే దానికీ సరిపోతాయి.

వంటగట్టు దుకాణంలో కోరియన్ పక్కనే పేర్చి ఉండే క్వార్ట్‌జ్ పలకలు మాత్రం వేరే జాతి. వాటిలో చాలావరకు క్వార్ట్‌జే. పొడిగా కోస్తే లేచే సన్నని ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. ఆ జబ్బు పలకలు కోసే పనివాళ్లను పట్టుకోవడంతో, 2024 జూలై 1 నుంచి ఆస్ట్రేలియా వాటిని నిషేధించింది.