బుల్లెట్టు ట్యాంకులో బెల్లపు పాకము

కోటబొమ్మాళిలో ఒక మోటారు సైకిళ్ళ మరమ్మతు షెడ్డు. విశ్రాంత సైన్సు ఉపాధ్యాయులొకరు ఒకనాటి ఉదయము తమ పాత బుల్లెట్టును అక్కడికి నెట్టించుకొని వచ్చినారు. ముందురోజు వరకు నడచిన బండి ఆ దినమున దగ్గి ఊరకున్నదట. మెకానికు కార్బురేటరు విప్పినాడు. అడుగున తేనెరంగు జిగురు. ఇంజను తల విప్పినాడు. పెట్రోలును, గాలిని లోనికి వదలు వాల్వు కాడకు అదే జిగురు పట్టి బిగిసిపోయినది; దానిని నడుపు తోపుడు కడ్డీ వంగిపోయినది. అతడు వేలికి అంటిన జిగురును వాసన చూచి, "ఏటండి మాస్టారూ, ట్యాంకులో బెల్లం పాకం పోసేరేటి?" అని అడిగినాడు.

నవ్వులాటకు అన్న మాటే గాని, అందులో సగము సత్యమున్నది.

ఆ ట్యాంకు కథ కొంత చెప్పవలెను. మద్రాసు చెంత తిరువొత్తియూరులో తయారైన ఆ బండిని మాస్టారు తమ జీతములో నెలనెలా మిగిల్చి కొన్నారు. ఉద్యోగము చేసినన్నాళ్ళు బడికి దాని మీదనే వెళ్ళినారు. అసలు ట్యాంకు ఇనుప రేకుది. ఈ ప్రాంతమునకు సముద్రము దూరము కాదు. ఉప్పుగాలి తగిలిన ఇనుము ఎన్నాళ్ళు నిలుచును? అడుగున చిల్లులు పడినవి. మాటు వేసిన చోట ఆగినది గాని, ప్రక్కనే మరియొకటి పుట్టినది. అప్పుడు మాస్టారు ట్యాంకును భావనపాడు తీసుకొని పోయినారు.

భావనపాడు తీరమున చెక్క తెప్పల సరసకు ఫైబరు పడవలు వచ్చిన తరువాత, వాటి పగుళ్ళు పూడ్చు పనివారు కూడ తయారైనారు. గాజును దారములుగా తీసి అల్లిన పీచుగుడ్డను పరచి, దానిపై పాలియెస్టరు రెజిను పూసి, గట్టిపరచు మందు కలిపి ఆరనిచ్చిన యెడల అది తుప్పెరుగనిదిగా ఉండును. అట్టి పనివాడొకడు పాత ట్యాంకునే అచ్చుగా పెట్టి అచ్చముగా అటువంటిదే ఫైబరు ట్యాంకు చేసి ఇచ్చినాడు. "సముద్రాన్నే ఆపేది మాస్టారూ, చెంబుడు పెట్రోల్ని ఆపదా?" అని ధైర్యము చెప్పినాడట. ఆపినది కూడ. ఇరువది యేండ్లకు పైగా ఒక చుక్క కారలేదు. మారినది ట్యాంకు కాదు, అందులో పోయు పెట్రోలు.

మన దేశమున పెట్రోలులో ఇథనాలు కలుపుట 2003లో తొమ్మిది రాష్ట్రములలో నూటికి అయిదు పాళ్ళ లక్ష్యముతో మొదలైనది. అందులో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చాలకాలము అది కాగితము మీది మాటయే. 2013-14 నాటికి కూడ దేశమంతట కలిసినది నూటికి ఒకటిన్నర పాలు మాత్రమే. తరువాత వేగము హెచ్చినది. 2022 జూన్ నాటికి పది పాళ్ళు, 2025 నాటికి ఇరువది పాళ్ళు అయినవి. విదేశములకు చమురు కొరకు పోవు ధనము తగ్గునని, రైతు పంటకు మరియొక గిరాకి ఏర్పడునని ప్రభుత్వము చెప్పిన కారణములు. అవి తేలికగా త్రోసివేయదగినవి కావు. మన ఉత్తరాంధ్రములోనే సంకిలి చక్కెర కర్మాగారమునకు అనుబంధముగా డిస్టిలరీ కలదు. చెరకు గానుగకు పోగా చక్కెర తీసిన పిమ్మట మిగులు మడ్డిని పులియబెట్టి, బట్టీ పట్టి, నీటిని సంపూర్ణముగా తీసివేసిన యెడల వచ్చునదే ఇథనాలు. ఈ మధ్య మొక్కజొన్న నుండి కూడ విరివిగా తీయుచున్నారు. కనుక మెకానికు అడిగిన బెల్లపు పాకము ఒక విధముగా ట్యాంకులోనికి వచ్చినదే.

అయితే జిగురు మాత్రము చెరకుది కాదు. అది ట్యాంకుదే.

విద్యార్థులు ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. పెట్రోలు అణువులు కర్బనము, ఉదజని మాత్రమే గల గొలుసులు, వలయములు. నీటితో వాటికి పొత్తు లేదు. ఇథనాలు అణువునకు ఒక కొస నీటి స్వభావము, మరియొక కొస నూనె స్వభావము. అందుచేతనే అది రెండింటితోను కలియగలదు. ఇక పాలియెస్టరు రెజిను అనగా పొడవైన గొలుసులను స్టైరీను అను పదార్థము ముడులు వేసి పట్టిన వల. కర్మాగారములో వేడి, కాలము కొలిచి చేసిన దానిలో ముడులు బాగుగా పడును. సముద్రపుటొడ్డున చేతితో పూసి ఎండలో ఆరవేసిన దానిలో కొన్ని ముడులు పడక, కొన్ని ముక్కలు విడిగానే మిగిలిపోవును. ఒట్టి పెట్రోలు ఆ వలలోనికి అంతగా చొరలేదు. ఇథనాలు చిన్న అణువు. దాని నీటికొసకు రెజినులోని బంధముల యెడ ఆకర్షణ కలదు. అది లోనికి జొరబడి వలను ఉబ్బించి, విడిగా ఉన్న ముక్కలను కరగించి తనతో తీసుకొని పోవును. దారిలో పెట్రోలు ఆవిరియైన చోట ఆ ముక్కలు జిగురై మిగులును. వేడిగా ఉండు వాల్వు కాడ దానికి తగిన స్థానము. మాస్టారి బండిలో జరిగినది ఇదియే.

ఇది కోటబొమ్మాళికే వచ్చిన కష్టము కాదు. ఐరోపాలో 1960, 70 దశకములలో పందెపు మోటారు సైకిళ్ళకు ఫైబరు ట్యాంకులు గొప్ప సొగసు. ఇటలీ దేశపు డుకాటి సంస్థ 1974లో తెచ్చిన 750 సూపర్ స్పోర్టు బండి ట్యాంకు ప్రక్కన రంగు వేయక ఒక పట్టీ వదలినారు; పెట్రోలు ఎంత ఉన్నదో దానిగుండ కనబడును. నేడు ఆ బండ్లు అపురూపము. ఇథనాలు కలిసిన పెట్రోలు వాటి ట్యాంకులకు శత్రువు. అమెరికాలో 2000వ దశకము నడుమ న్యూయార్కు పరిసరములలో పది పాళ్ళ ఇథనాలు రాగానే పాత పడవల లోపలి ఫైబరు ట్యాంకులు మెత్తబడి, ఇంజను వాల్వులకు నల్లని పూత పట్టినది. వెలుపల సముద్రమునకు చెక్కుచెదరని పడవలు అవి! ఆ దేశములలో ఈ సంగతి గ్రంథస్థమై ఇరువది యేండ్లు కావచ్చుచున్నది. భావనపాడు పనివానికి ఎవరు చెప్పవలెను?

మన దేశపు పాత బండ్లలో హెచ్చు వాటికి, బుల్లెట్టు, జావా, యెజ్డీ, రాజదూత్, వీటన్నిటికి ఇనుప ట్యాంకులే. వాటికి జిగురు భయము లేదు గాని నీటి భయమున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. వర్షాకాలమున మన తీరపు గాలిలో తేమకు కరవా? వాడక నెలల తరబడి నిలిపిన బండిలో ఈ నీరు హెచ్చి హెచ్చి ఒక హద్దు దాటగానే, నీరు, ఇథనాలు కలసికట్టుగా విడివడి అడుగునకు దిగును. ఇంజనునకు పోవు కుళాయి అడుగుననే ఉండును గదా! తుప్పు కూడ అచ్చటినుండియే ఆరంభమగును. పాత రబ్బరు వాషర్లు, గొట్టములు ఉబ్బి చిట్లును. ఇంకొకటి: లీటరు ఇథనాలులోని శక్తి లీటరు పెట్రోలులోని దానిలో మూడింట రెండు వంతులే. దానిని కాల్చుటకు గాలి కూడ తక్కువ చాలును. పాత కార్బురేటరుకు ఈ లెక్క తెలియదు. ఒట్టి పెట్రోలుకు తగిన గాలినే ఇచ్చును. ఫలితముగా ఇంధనము పలుచనై ఇంజను వేడెక్కును. మన మెకానికులు జెట్టును ఒక సైజు పెంచి దీనిని సరిచేయుచున్నారు.

నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన నివేదికయే ఇరువది పాళ్ళ పెట్రోలుతో పాత ద్విచక్ర వాహనములకు మైలేజి నూటికి మూడు నాలుగు పాళ్ళు తగ్గునని అంచనా వేసినది. ఒట్టి పెట్రోలు కూడ అమ్మవలెనని, బంకు వద్ద ఇథనాలు పాలు వ్రాసి తెలుపవలెనని కోరిన వ్యాజ్యమును సుప్రీం కోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసినది. ఒట్టి పెట్రోలు మాట అటుండనిండు. ఇన్ని కోట్ల బండ్లకు రెండు విధముల ఇంధనము సరఫరా చేయుట సులభము కాదు. పాత బండ్లు ఇదివరకు ఒక మార్పును తట్టుకొన్నవి కూడ. 2000లో పెట్రోలునుండి సీసము తొలగినప్పుడు ఇట్టి గగ్గోలే పుట్టినది. కాని పంపు మీద "ఇందులో ఇంత ఇథనాలు" అని తెలుగున స్పష్టముగా వ్రాయుటకు ఎంత సున్నము, ఎంత రంగు కావలెను? మందుసీసా మీద వ్రాయుచున్నాము గదా! మాస్టారు పెట్రోలు పోయించుకొన్న చోట వారికి ఆ మాట ఎవరును చెప్పలేదు. రసాయన శాస్త్రము బోధించిన వారికే తెలియకుండ జరిగిన దానిని తక్కినవారు ఎట్లు తెలిసికొందురు?

వారు ఊరకుండలేదు. షెడ్డు వెలుపల, నిప్పుకు దూరముగా, గీతలు గల గాజు కొలజాడీలో యాభై మిల్లీలీటర్ల నీరు, యాభై మిల్లీలీటర్ల పెట్రోలు పోసి మూతి బిగించి కుదిపి నిలిపినారు. పెట్రోలు పైకి తేలినది. అడుగు నీటి గీత యాభై వద్ద గాక అరువది దాపునకు ఎక్కినది. పెట్రోలులోని ఇథనాలు నీటిలోనికి దిగినది. మెకానికు, అతని వద్ద పని నేర్చు కుర్రవాడు వంగి చూచినారు. "అయితే మాస్టారూ, ఐదోవంతు పెట్రోలే కాదన్నమాట" అన్నాడు కుర్రవాడు. లెక్క సరిగా చెప్పినందుకు మాస్టారు వాని వీపు తట్టినారు.

ఇథనాలుకు ఓర్చు వినైల్ ఎస్టరు రెజినుతో మరల ట్యాంకు చేయించవచ్చునని కొందరు సలహా ఇచ్చినారు. మాస్టారు ఒప్పుకొనక, పింఛను సొమ్ముతో ఇనుప ట్యాంకు తెప్పించి బిగించినారు. వాల్వు కడిగించి, తోపుడు కడ్డీ మార్పించి, కొత్త వాషర్లు వేయించినారు. బండిని వారమునకు రెండుసార్లయినను టెక్కలి వరకు నడుపుచున్నారు. ట్యాంకులో పెట్రోలును నిలువ ఉంచుట లేదు.

భావనపాడు ట్యాంకును పారవేయుటకు వారికి మనసొప్పలేదు. కడిగి, ఎండబెట్టి, పైభాగము కోయించి పెరటిలో పెట్టినారు. ఇప్పుడది మల్లెపాదులకు పోయు నీటి తొట్టి. ఒక చుక్క కారదు.