జుగుప్స నుండి గౌరవానికి: ఎయిడ్స్ నాటకాలు – సామాజిక అంగీకారం

1. ఉపోద్ఘాతం:

ఎయిడ్స్ లక్షణాలను గురించిన తొలి వైద్య నివేదిక 1981 జూన్‌లో అమెరికాలో వెలువడింది. అందులో పేర్కొన్న రోగులు స్వలింగ ప్రేమికులైన యువకులు. దీనితో వ్యాధి పట్ల భయం, స్వలింగ ప్రేమ పట్ల అంతకు ముందే ఉన్న ఏవగింపు కలిసిపోయాయి. రోగితో పాటు అతని ప్రేమ కూడా దోషిగా నిలబడింది. ఈ రెండు వెలివేతలను ఎదుర్కొన్న కళారూపాల్లో నాటకం ముఖ్యమైనది. మూడు అమెరికన్ నాటకాల ఆధారంగా, ప్రేక్షకునిలో అంగీకారం ఏ క్రమంలో కలుగుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

2. రస దృష్టి:

జుగుప్స బీభత్సానికి స్థాయీభావం; శోకం కరుణకు స్థాయీభావం. సమాజం ఎయిడ్స్ రోగిని జుగుప్సతో చూసింది. ఆ జుగుప్సను శోకంగా మార్చడం నాటకం చేసిన మొదటి పని. భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణం ఇందుకు తోడ్పడుతుంది. రంగస్థలం మీది దుఃఖం ‘వారిది’గా మిగలక, సహృదయుడు అనుభవించగల దుఃఖమవుతుంది. అయితే కరుణ ఒక్కటే అంగీకారం కాదు. జాలిపడేవాడు తనను కాస్త ఎత్తులోనే నిలుపుకుంటాడు. కనుక రోగి బంధాన్ని ఇతర బంధాలతో సమానంగా గౌరవించడం రెండవ మెట్టు.

3. శుశ్రూష చేసే ప్రేమికుడు:

1985లో న్యూయార్క్‌లో ప్రదర్శితమైన రెండు నాటకాలు ఈ రెండవ మెట్టును సూచించాయి. విలియం హాఫ్‌మన్ రచించిన ‘యాజ్ ఈజ్’లో రిచ్ అనే రచయితకు ఎయిడ్స్ సోకుతుంది. అతనితో విడిపోయిన సాల్ అతనికి సేవ చేస్తాడు. ఉన్నవానిని ఉన్నట్లుగా స్వీకరించడమే శీర్షికలోని అర్థం.

లారీ క్రేమర్ నాటకం ‘ది నార్మల్ హార్ట్’ తొలి ప్రదర్శనలో రంగస్థలం గోడల మీద వ్యాధి గణాంకాలు, పేర్లు రాసి ఉంచారు. గోడ మీద అంకెగా ఉన్న మరణం, ఫెలిక్స్ పాత్ర ద్వారా ఒక మనిషి మరణమవుతుంది. చివరి ఘట్టంలో ఆసుపత్రి మంచం వద్ద వైద్యురాలు ఎమ్మా, నెడ్, ఫెలిక్స్‌లకు పెళ్లి జరిపిస్తుంది. తమ్ముడిని తనతో సమానుడిగా అంగీకరించలేకపోయిన నెడ్ అన్న బెన్ కూడా అక్కడికి చేరుకుంటాడు. అటువంటి వివాహానికి నాడు చట్టబద్ధత లేదు. అమెరికా అంతటా ఆ హక్కు 2015లో గాని లభించలేదు. చట్టం చూడని దాంపత్యాన్ని ప్రేక్షకులు కళ్లారా చూశారు.

4. మారే మనిషి పాత్ర:

టోనీ కుష్నర్ రెండు భాగాల నాటకం ‘ఏంజెల్స్ ఇన్ అమెరికా’ మొదటి భాగానికి 1993లో పులిట్జర్ పురస్కారం లభించింది. ఇందులో లూయిస్, వ్యాధిగ్రస్తుడైన ప్రియుడు ప్రయర్‌ను విడిచిపోతాడు. స్వలింగ ప్రేమికులందరూ ఉదాత్తులని నాటకం చెప్పదు. వారికి కూడా సాధారణ మానవుల బలహీనతలు ఉంటాయని చూపుతుంది. మార్మన్ మతానుయాయి అయిన హన్నా, కొడుకు తన స్వభావాన్ని ఫోనులో వెల్లడించినప్పుడు అంగీకరించదు. ఆమెయే తరువాత పరాయివాడైన ప్రయర్‌ను ఆసుపత్రికి చేరుస్తుంది. చివరి దృశ్యంలో అతని మిత్రబృందంలో కనిపిస్తుంది. విశ్వాసాన్ని వదులుకోకుండానే మారగల దారిని ఆమె పాత్ర ప్రేక్షకునికి చూపుతుంది.

ఈ ప్రభావం అప్రతిహతమైనది కాదు. 1996లో ఉత్తర కరోలినాలోని షార్లెట్ నగరంలో ఈ నాటక ప్రదర్శనకు న్యాయస్థానం రక్షణ అవసరమైంది. మరుసటి సంవత్సరం కౌంటీ పాలకవర్గం కళలకు ఇచ్చే నిధులలో కోత విధించింది.

5. భారతీయ సందర్భం:

స్వలింగ ప్రేమను ఎయిడ్స్‌తో ముడిపెట్టడంలో ఒక ప్రమాదం ఉంది. వైరస్‌కు లింగాభిరుచితో నిమిత్తం లేదు. ఆ ప్రేమ కథ ఎప్పుడూ మరణంతోనే ముగిస్తే, పాత ముద్రే మరోవిధంగా బలపడుతుంది. భారతీయ నాటకం ఈ రెండింటినీ విడదీసి చూసింది. విజయ్ తెండూల్కర్ మరాఠీ నాటకం ‘మిత్రాచీ గోష్ట’ (1981)లో మరో స్త్రీని ప్రేమించిన సుమిత్ర కథ విషాదాంతమవుతుంది. మహేశ్ దత్తాని ఆంగ్ల నాటకం ‘ఆన్ ఎ మగ్గీ నైట్ ఇన్ ముంబై’ (1998) మరణాన్ని గాక, దాచుకొని బతకడంలోని బాధను కేంద్రంగా చేసుకుంది. కమలేశ్ మాజీ ప్రియుడే మరొక పేరుతో అతని సోదరికి వరుడవుతాడు. దాపరికం వల్ల నష్టపోయేది స్వలింగ ప్రేమికులు మాత్రమే కాదని ఈ ఇతివృత్తం స్పష్టం చేస్తుంది. పరస్పర అంగీకారం గల వయోజనుల సంబంధాలను సుప్రీంకోర్టు నేరపరిధి నుండి తొలగించింది 2018 సెప్టెంబరు 6న మాత్రమే.

తెలుగు ప్రాంతాల్లో కళాజాతాలు, బుర్రకథ వంటి ప్రక్రియలు ఎయిడ్స్ అవగాహనకు వినియోగపడ్డాయి. వ్యాధి ఎలా సోకుతుందో, ఎలా సోకదో చెప్పడం వీటి ప్రధాన లక్ష్యం. ఈ సమాచారం భయాన్ని తగ్గిస్తుంది. కాని పక్కింటి రోగితో కలిసి భోజనం చేయడానికి సమాచారంతో పాటు పరిచయం కూడా కావాలి. ఆ పరిచయాన్ని పాత్ర కలిగిస్తుంది.

6. ముగింపు:

పై నాటకాలు ప్రేక్షకునికి ఉపదేశం చేసి ఊరుకోలేదు. జుగుప్సను శోకంగా, శోకాన్ని గౌరవంగా మార్చే క్రమంలో అతనిని నడిపించాయి. శుశ్రూష చేసే ప్రేమికుడు, మారే తల్లి, ఆలస్యంగా వచ్చే అన్న ఈ క్రమానికి ఆధారాలు. కళాజాతాల ప్రదర్శన పాఠాలను ఈ దృష్టితో పరిశీలిస్తే, వాటిలో రోగి ఒక హెచ్చరికగా ఉన్నాడా, ఒక మనిషిగా ఉన్నాడా అనే విషయం తేలుతుంది. తెలుగు నాటక పరిశోధన చేపట్టవలసిన అంశాల్లో ఇది ఒకటి.