ఇల్లు కదల్లేదు, దేశం మారింది

బెలారస్ అనే దేశం రష్యాకూ పోలండ్‌కూ మధ్య ఉంది. దానికి సముద్రం లేదు. ఆ దేశంలో నైరుతి వైపు మోతల్ అనే ఊరుంది. ఊరి పక్కనే యాసెల్దా ఏరు పారుతుంది. అది పోయి ప్రిప్యత్ నదిలో కలుస్తుంది. ఆ ప్రాంతమంతా చిత్తడి నేలలు, అడవులు.

1910లో ఆ ఊళ్ళో ఒక ఆడపిల్ల పుట్టిందనుకోండి. అప్పుడు ఊరు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. 1921లో ఒప్పందం జరిగింది. ఊరు పోలండ్‌కు పోయింది. బడిలో పోలిష్ అక్షరాలు వచ్చాయి. 1939లో సోవియట్ సైన్యం వచ్చింది. దేశం మారింది, అక్షరాలూ మారాయి.

1941లో జర్మన్ సైన్యం వచ్చింది. ఆ ఆగస్టులోనే ఊళ్ళోని యూదులను చంపేసింది. తరతరాలుగా ఇరుగుపొరుగున బతికినవాళ్ళు లేకుండా పోయారు. 1944లో మళ్ళీ సోవియట్ పాలన వచ్చింది.

తర్వాత జిల్లా కూడా మారింది. ఊరు మొదట పిన్స్క్ జిల్లాలో ఉండేది. 1954లో ఆ జిల్లాను తీసేసి బ్రెస్ట్ జిల్లాలో కలిపారు. 1991లో బెలారస్ స్వతంత్ర దేశమైంది.

అప్పటికి ఆ పిల్ల 81 ఏళ్ళ ముసలమ్మ. ఆమె ఊరు దాటలేదు. ఆమె ఇల్లు కదల్లేదు. కానీ ఒక్కో కాగితంలో ఒక్కో దేశం పేరుంటుంది. పోలిష్ కాగితంలో ఊరి పేరు మోతోల్. బెలారస్ భాషలో మోతల్. రెండూ ఒకే ఊరు.

అందుకే పాత కాగితం చేతికొస్తే ఊరి పేరొక్కటే చూస్తే చాలదు. ఏ జిల్లా అని రాశారో చూడాలి. ఏ ఏడాది వేశారో కూడా చూడాలి.