స్పాక్ అందరివాడు, హోల్డెన్ ఒక్కడివాడు

ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకలోకి పదిహేనున్నరేళ్ల పిల్ల లెఫ్టినెంట్‌గా వచ్చింది. పేరు మేరీ స్యూ. చూడగానే కెప్టెన్ కిర్క్ మనసు పారేసుకున్నాడు. నౌకను నడిపే భారమంతా ఆమెదే అయింది. చివరికి ఆమె చచ్చిపోతే పెద్దపెద్ద అధికారులు భోరుమన్నారు. 1973లో పౌలా స్మిత్ అనే అమెరికన్ అభిమాని రాసిన ఈ బుల్లి కథ నిండా వెక్కిరింతే. ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్ అభిమానులు రాసుకునే కథల్లో అప్పటికే ఇలాంటి సర్వగుణసంపన్నలు కిక్కిరిసిపోయారు మరి! ఈనాటికీ అలాంటి పాత్రను ‘మేరీ స్యూ’ అనే అంటారు.

‘స్టార్ ట్రెక్’ 1966 సెప్టెంబర్ 8న ఎన్‌బీసీ చానల్‌లో మొదలైంది. మరుసటేడే న్యూయార్క్‌లో డెవ్రా లాంగ్సమ్, షెర్నా కామర్‌ఫోర్డ్ ‘స్పాకనేలియా’ అనే అభిమాన పత్రిక తెచ్చారు. అలాంటి పత్రికలంటే స్టెన్సిల్ మీద టైపు కొట్టడం, సైక్లోస్టైల్ తీయడం, సిరా అంటిన చేతులతో కాగితాలు వరసగా పేర్చి పిన్నులు కొట్టి పోస్టులో వెయ్యడం. సీరియల్ 1969లో ఆగిపోయింది, కథలు ఆగలేదు. 1976లో బాంటమ్ సంస్థ అభిమానుల కథలనే పుస్తకంగా వేస్తే, సీరియల్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీ దానికి ముందుమాట రాశాడు.

నవలా రచయితలు చాలామంది అంత తేలిగ్గా ఒప్పుకోని పని ఇది. టీవీ సీరియల్‌కు ఇది సహజమే. ఒక్కో వారం కథ ఒక్కో రచయిత రాస్తాడు. ఆ సీరియల్‌లోని స్పాక్ ఏ ఒక్క రచయిత సొత్తూ కాదు, రాసినవాళ్లందరివాడూను. పైగా అప్పట్లో ఏ వారం గొడవ ఆ వారమే సర్దుకోవాలి. 1967లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో కిర్క్ తాను ప్రేమించిన ఎడిత్ కీలర్‌ను కళ్లెదుటే చావనిస్తాడు. మరుసటి వారం ఆమె ఊసే లేదు. ఆ రాత్రి అతను నిద్రపోయాడా? టీవీ చెప్పదు, అభిమాని చెబుతాడు. నవల అయితే పాత్ర మనసులో మాట కూడా తనే చెప్పేస్తుంది. తెర మీద కనిపించేది స్పాక్ పైకెత్తిన కనుబొమ్మ మాత్రమే. దాని వెనకున్నది చూసేవాడు ఊహించుకోవాలి.

నవలల దగ్గర గుమ్మంలోనే యజమాని నిలబడి ఉంటాడు. రక్తపిశాచాల నవలలతో పేరు పొందిన ఆన్ రైస్ తన పాత్రల మీద ఎవరూ కథలు రాయొద్దని 2000లో తేల్చి చెప్పింది. ‘ది క్యాచర్ ఇన్ ది రై’ కథానాయకుడు హోల్డెన్‌ను ముసలివాణ్ని చేసి ఓ స్వీడన్ రచయిత నవల రాస్తే, మూల రచయిత శాలింజర్ 2009లో కోర్టుకెక్కి ఆ పుస్తకం అమెరికాలో రాకుండా ఆపించాడు.

రచయిత్రి ఆలిస్ రాండల్ సంగతి వేరు. ‘గాన్ విత్ ది విండ్’ను ఆమె కథానాయిక స్కార్లెట్‌కు సవతి సోదరి అయిన బానిస యువతి నోట చెప్పించింది. మూల నవల హక్కుదారులు దావా వేస్తే 2001లో కింది కోర్టు పుస్తకాన్ని ఆపింది. నెల దాటగానే పై కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. పై కోర్టు చేసిందే సబబు. ఓల్గా ‘విముక్త’లో శూర్పణఖ, అహల్య, ఊర్మిళ సీతతో మాట్లాడితే వాల్మీకి వారసులెవరూ నోటీసు పంపలేదు కదా!

అలాగని నవలకు అభిమాన కథలు పుట్టవనుకుంటే పొరపాటే. హ్యారీ పోటర్ నాలుగో పుస్తకం 2000 జులైలో వచ్చింది, అయిదోది 2003 జూన్‌లో. ఆ మూడేళ్లూ పాఠకులు సొంత కథలు గుట్టలుగా రాసి పోశారు. వారపత్రికలో సీరియల్ తరవాయి భాగం కోసం ఎదురుచూస్తూ, ఈలోగా కథను తామే నడిపించుకున్న తెలుగువారికి ఇది కొత్తగా అనిపించదు. అసలు తేడా నవలకీ టీవీకీ మధ్య కాదు, ముగిసిన కథకీ ముగియని కథకీ మధ్య.

2009లో మొదలైన ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే అభిమాన కథల భాండాగారానికి 2019లో హ్యూగో పురస్కారం దక్కింది. అందులో నవలల పాత్రలూ టీవీ పాత్రలూ పక్కపక్కనే ఉంటాయి. చట్టానికి మాత్రం తొందర లేదు. అమెరికాలో స్కార్లెట్ కథ హక్కులు 2032 జనవరి 1న తీరిపోతాయి. హోల్డెన్ బయటికి రావాలంటే 2047 దాకా ఆగాలి.