యానాము పొలిమేరలో సుంకపు గీత

విదేశమునుండి మరలి వచ్చు ప్రయాణికుడు 2 లీటర్ల మద్యమును, 100 సిగరెట్లను సుంకము చెల్లింపకయే వెంట తెచ్చుకొనవచ్చునని భారత ప్రభుత్వము ప్రకటించిన సామాను నియమములలో కలదు. సిగరెట్లు వలదనువారు 25 సిగార్లు గాని, 125 గ్రాముల పొగాకు గాని తెచ్చుకొనవచ్చును. అంతకు మించినదానికి సుంకము కట్టవలెను. నియమము చదువుటకు సులభముగనే యున్నది. కాని దాని అడుగున ఒక చిక్కుప్రశ్న దాగియున్నది. ఒకే సీసా తన యింటికి కొనిపోవునప్పుడు సామాను, పరులకు అమ్మజూపునప్పుడు సరకు. ఈ రెంటి నడుమ గీత ఎక్కడ గీయవలెను?

గోదావరి డెల్టా వాసులకు ఈ ప్రశ్న విమానములు రాకపూర్వమే తెలియును. వారికి విదేశమనగా సముద్రమున కావల నుండు భూమి మాత్రమే కాదు. కాకినాడకు దక్షిణమున, గౌతమి గట్టున, వరిచేల నడుమ కూడ ఒక విదేశముండెను. అదియే యానాము.

సుంకమను మాట సంస్కృతములోని శుల్కమునకు వికృతి. కౌటిల్యుని అర్థశాస్త్రమున శుల్కాధ్యక్షుని విధులను చెప్పు ప్రకరణమొకటి కలదు. వివాహమునకు కొనిపోవు వస్తువులకు, పుట్టింటినుండి అత్తవారింటికి వధువు తీసికొనిపోవు వస్తువులకు, యజ్ఞమునకు, పురుడునకు, దేవపూజకు, ఉపనయనమునకు కావలసిన వస్తువులకు సుంకము లేదని అందు చెప్పబడినది. ఆ నెపమున అబద్ధమాడి సరకు దాటించువానికి దొంగకు విధించు శిక్షయే విధింపబడును. రెండువేల యేండ్లకు పైబడిన ఆ గ్రంథమునకు, నేటి విమానాశ్రయపు నియమమునకు ఆలోచనలో భేదము కొంచెమే. కౌటిల్యుడు మనిషి అవసరమును చూచెను. మన నియమము లీటర్లను కొలుచుచున్నది. కొలుచుట తేలిక, అవసరమును తెలిసికొనుట కష్టము. కనుకనే కాబోలు, ప్రభుత్వములన్నియు కొలతపాత్రనే నమ్ముకొన్నవి.

ఫ్రెంచివారు యానామున 1723లో వర్తకస్థానము నెలకొల్పిరి. అప్పటికి ఈ డెల్టా ఐరోపా వర్తకులకు అంగడివీథి వంటిది. ఇంజరములో ఇంగ్లీషువారు, పాలకొల్లులో డచ్చివారు ఉండిరి. ఫ్రెంచి, ఇంగ్లీషు యుద్ధములలో యానాము పలుమారులు చేతులు మారినది. 1814 నాటి పారిస్ సంధి ననుసరించి 1817లో అది ఫ్రెంచివారికి తిరిగి దక్కినది. విస్తీర్ణము సుమారు 30 చదరపు కిలోమీటర్లు. చుట్టును ఇంగ్లీషువారి నేల.

అంత చిన్న తునకవలన ఇంగ్లీషువారికి భయమేమి? భయము ఉప్పువలన కలిగినది. ఉప్పు వారి గుత్తాధికారపు సరకు. ఫ్రెంచి స్థావరములలో వండిన ఉప్పు చౌకగా పొలిమేర దాటినచో, ఆ గుత్తకు గండి పడును. అందుచేత 1815 మార్చి 7న లండనులో ఒక ఒడంబడిక జరిగినది. ఫ్రెంచి స్థావరముల ఉప్పును కొను హక్కు ఇంగ్లీషువారిది. ప్రతిఫలముగా వారు ఏటేట 4 లక్షల సిక్కా రూపాయలు చెల్లించుటకు అంగీకరించిరి. ఆ పత్రమునందే మన విషయమునకు సంబంధించిన ఒక మినహాయింపు కలదు. స్థావరములలోని ప్రజల యింటివాడుకకు వలసినంత ఉప్పును ఫ్రెంచి అధికారులు విడిగా ఉంచుకొనవచ్చును. నల్లమందునకు సయితము ఏడాదికి 300 పెట్టెలని హద్దు పెట్టిరి. నేడు ప్రయాణికునికి 2 లీటర్లు. నాడు ఒక రాజ్యమునకు 300 పెట్టెలు!

ధరలలో భేదమున్నచోటికి జనము తరలుట సహజము. యానాము మంగళవారపు సంతకు చుట్టుపట్ల గ్రామములనుండి ప్రజలు విదేశవస్తువులు కొనుటకు వచ్చెడివారు. పండుగల వేళ ఆ రద్దీ మరింత హెచ్చు. వస్తువులే కాదు, శాసనములందలి భేదము కూడ జనమును లాగినది. బాల్యవివాహములను అరికట్టు శారదా శాసనము 1929లో ఆమోదింపబడి, 1930 ఏప్రిల్ 1నుండి బ్రిటిషు ఇండియాలో అమలునకు వచ్చినది. ఫ్రెంచి నేలపై దానికి చెల్లుబాటు లేదు. పసిపిల్లలకు పెండ్లి చేయదలచినవారు యానామునకు దారి తీసిరి. ఊరికి కల్యాణపురమను పేరు వచ్చినది. పేరు వినుటకు ఇంపుగనే యున్నది గాని, ఆ పందిళ్లలో కూర్చుండిన బాలికల మాట తలచినచో ఇంపు నిలువదు. సీసా దాటిన గీతనే బాల్యము కూడ దాటినది.

1941లో బ్రిటిషు ఇండియాకు, ఫ్రెంచి ఇండియాకు సుంకముల విషయమున ఐక్యత కుదిరెను. స్వతంత్ర భారత ప్రభుత్వము 1949లో దానిని రద్దు చేసెను. అంతకు కొలది మాసముల ముందే, 1948 అక్టోబరు నాటికి, మద్రాసు రాష్ట్రమంతట మద్యనిషేధము అమలులోనికి వచ్చియుండెను. ఈ రెండును కలియుటతో యానాము పొలిమేర ఉన్నట్లుండి బరువెక్కినది. గీతకు ఇవతల నేరమైనది అవతల అంగడిలో బహిరంగముగా దొరకుచుండెను. ఇట్టి గీత కావలివానికి, కాపుకు, పడవవానికి అందరికిని పరీక్షయే. చేలకు, కాలువలకు ఫ్రెంచి దేశమేదో, భారతదేశమేదో తెలియదు కదా!

1954 జూన్ 13న దడాల రఫయేలు రమణయ్య నాయకత్వమున యానాము ఫ్రెంచి పాలననుండి విడివడినది. ఆ యేడు నవంబరు 1న ఫ్రెంచి స్థావరముల పాలన భారతదేశమునకు సంక్రమించినది. సరిగా ఆ వారములోనే కర్నూలులో మరియొక ఘటన జరిగినది. రాజమహేంద్రవరమున న్యాయవాదిగా, పురపాలక సంఘాధ్యక్షుడుగా పేరుగాంచిన ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధ విషయమున వచ్చిన అవిశ్వాస తీర్మానమునకు లోబడి, ఒకే ఒక వోటు తేడాతో పడిపోయినది. ఒక గీత చెరుగుచుండగా, ఆ గీతకు అంత బలమిచ్చిన శాసనమే ఒక ప్రభుత్వమును కూల్చినది.

గీత నిజముగా చెరిగినదా? 1962 ఆగస్టు 16న విలీనము శాసనసమ్మతమైనది. యానాము పుదుచ్చేరిలో భాగమై నిలిచినది. దేశపు సుంకము పోయినది గాని, మద్యముపై ఆబ్కారీ పన్ను ఏ ప్రభుత్వమున కా ప్రభుత్వమునదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన సారా వ్యతిరేకోద్యమము ఫలించి, 1995లో ఆంధ్రప్రదేశమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. యానామున అట్టి నిషేధము లేదు. 1948 నాటి దృశ్యము మరల కనబడినది. 1997లో నిషేధము సడలించువరకు అది సాగెను.

ఇటీవలి కథ మరింత విచిత్రమైనది. 2020 మే నెలలో ఆంధ్రప్రదేశ్ మద్యము ధరలను విపరీతముగా పెంచెను. పుదుచ్చేరి కూడ ప్రత్యేక సుంకము వేసి, పొరుగు ధరలతో సమము చేయజూచెను. పొరుగు రాష్ట్రమునుండి మనిషికి మూడు సీసాలు తెచ్చుకొనవచ్చునని సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పెను. అనుమతిపత్రము లేనిదే ఒక్కటియు తేరాదని అక్టోబరులో ప్రభుత్వము ఉత్తర్వు చేసెను. ఆ రోజులలో కోనసీమవాసి ఒకడు దూరదేశమునుండి హైదరాబాదులో దిగి, అక్కడి సుంకములేని అంగడిలో 2 లీటర్లు కొని, కస్టమ్సువారి యెదుట నిర్భయముగా నడచిపోవచ్చును. అతని తమ్ముడు యానామునుండి గౌతమి వంతెన దాటి ఎదుర్లంకకు ఒక్క సీసా తెచ్చినచో నేరస్థుడగును. కోనసీమనుండి వేలాది జనము పనికి పోవు కువైటులో మద్యము 1960 దశాబ్దమునుండి నిషిద్ధము. కావున సీసా ఆ దేశపు కానుక కాదు. తిరుగుదారిలోని విమానాశ్రయపు కానుక.

పొగాకు మాట వేరు. ఈ డెల్టా పొగాకును తెచ్చుకొను సీమ కాదు, పంపు సీమ. గోదావరి లంకలలో పండిన పొగాకు చుట్టలకు ప్రసిద్ధి. కోనన్ డాయిల్ 1890లో ప్రకటించిన నవలలో అపరాధ పరిశోధకుడు షెర్లాక్ హోమ్స్ బూడిదను చూచియే పోల్చగలనని గర్వపడు ‘లంకా’ చుట్ట ఈ లంకల పేరుగలదే. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనాలయము వెలసినది. 1943నుండి కేంద్రము పొగాకుపై ఎక్సైజు పన్ను వేయుచుండుటచే, లంక రైతునకు సుంకపు గీత తన పొలములోనే కనబడినది.

2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చినది. అప్పటినుండి సిగరెట్టు పెట్టెపై పన్ను యానామునను, కాకినాడలోను ఒక్కటే. కాని త్రాగు మద్యమును, పెట్రోలును, డీజిలును ఆ పన్ను పరిధిలో చేర్చలేదు. కనుక ఆ మూడింటికి మాత్రము పాత ఫ్రెంచి పొలిమేర నేటికిని బ్రతికియున్నది. వంతెనమీద సీసాకై సంచులు వెదకుదురు. చౌకధరకు యానామున నింపుకొనిన పెట్రోలు మాత్రము మోటారు సైకిలు తొట్టిలో నిశ్చింతగా అమలాపురము చేరును.