మడ్‌గార్డు చాటున ఉప్పు

నెల్లూరు తీరంలో మైపాడు, కృష్ణపట్నం, తుమ్మలపెంట వైపు తిరిగే బైకుల్లో వెనక మడ్‌గార్డు ఇనప రేకుదైతే, దాని లోపలి అంచు ఒకసారి తడిమి చూడండి. పైన రంగు నిగనిగలాడుతున్నా వేళ్ళకు ఎర్రటి పొట్టు అంటుకుంటుంది.

చక్రం చిమ్మిన బురద లోపల, ముఖ్యంగా బ్రాకెట్టు కలిసే చోట, మేట వేస్తుంది. రొయ్యల చెరువు గట్ల మీద, ఇస్కపల్లి ఉప్పు మడుల పక్కన తిరిగే బండికైతే ఆ బురదలో ఉప్పు మరీ ఎక్కువ. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీరవుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతమే చాలు. అందువల్ల వాన లేని నెలల్లో కూడా మన తీరంలో ఆ మేట పూర్తిగా ఆరదు.

తుప్పుకు ఆక్సిజన్ కావాలి కదా, మరి గాలాడని మూలే ముందుగా ఎందుకు చిల్లు పడుతుంది? 1920లలో కేంబ్రిడ్జిలో శాస్త్రవేత్త యూలిక్ ఈవన్స్ దీని గుట్టు విప్పారు. ఒకే రేకు మీద గాలి తగిలే చోటు, తగలని చోటు కలిసి చిన్న బ్యాటరీ అవుతాయి. బురద అడుగున, వాషర్ కింద ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది. అవి రేకు గుండా పోయి, గాలి తగిలే చోట ఆక్సిజన్‌ను చేరతాయి. ఉప్పునీటిలో కరెంటు తేలిగ్గా పారుతుంది. పైగా క్లోరైడ్ అయాన్లు సందులో పోగుపడే కొద్దీ అక్కడి తడి ఆమ్లంగా మారుతుంది, దాంతో కరగడం ఇంకా జోరందుకుంటుంది. పైపైన నీళ్ళు కొడితే ఆ సందులోని ఉప్పు పోదు. తీరంలో ఏడాదికోసారైనా మడ్‌గార్డు విప్పి తీరాలన్నది నా గట్టి మాట.

బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, సీటు తీసి, ముందు బ్యాటరీ నెగటివ్ తీగ వదలదీయండి. టెయిల్ ల్యాంపు, ఇండికేటర్ల వైర్లు ఎలా పోతున్నాయో ఫోనులో ఫొటో తీసుకుని అప్పుడు కప్లర్లు లాగండి. తుప్పు, తాను పుట్టిన ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి నట్లు బిగుసుకుపోయి ఉంటాయి. బలం పెడితే బోల్టు తెగుతుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా ఉంచి, రింగు పానాతో ఒక పిసరు బిగించి, తర్వాత వదులు చేయండి. నట్టు వేడి చేద్దామని పెట్రోలు ట్యాంకు దగ్గర మంట మాత్రం వద్దు.

విప్పిన రేకును మంచినీళ్ళతో రెండు మూడు సార్లు కడిగి ఎండబెట్టి, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాలి. ఆపైన జింకు ప్రైమర్. ఓడల అడుగున రాగిరేకు పాడవకుండా జింకు తగిలించవచ్చని శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1824లోనే చూపించారు. ఇక్కడా జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. రంగు లోపలి అంచుల మీద, బోల్టు రంధ్రాల చుట్టూ మందంగా పడాలి.

బిగించేటప్పుడు అన్ని బోల్టులూ ముందు చేత్తోనే ఎక్కించి, టైరుకు రేకు తగలడం లేదని చూసుకుని, అప్పుడు పానా పట్టండి. వైరు రేకు కింద నలగకూడదు. చాలా పాత బళ్ళలో టెయిల్ ల్యాంపుకు ఎర్త్ మడ్‌గార్డు బోల్టు ద్వారానే అందుతుంది. ఆ ఒక్క చోట రంగు గీకి, బిగించి, పైన గ్రీజు పూయండి. తర్వాత లైటు మినుకుమంటుంటే బల్బు మార్చే ముందు ఆ బోల్టునే చూడండి.